కుంట ఒడ్డు స్థలం శుభ్రం చేసేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

హైదరాబాద్ పారిశ్రామిక వాడ కాటేదాన్‌లో కుంట ఒడ్డునున్న పాత ప్లేటింగ్ (లోహాలకు పూత వేసే) షెడ్ల స్థలాన్ని బాగుచేసి పార్కు, కొన్ని కట్టడాలు తెచ్చే పని నీ చేతికొచ్చిందని తెలిసి సంతోషించానమ్మా. ఆ వాడ మట్టిలో సీసం, క్రోమియం, నికెల్ మోతాదు మించి ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఎప్పుడో కొలిచి చెప్పారు. నువ్వు తేల్చాల్సింది అవి ఎక్కడెక్కడ ఉన్నాయి, నీళ్లతో ఎటు పోతున్నాయి అని. నీటి దారి తెలియకుండా జేసీబీ దింపకు.

మొదట అక్కడ పనిచేసిన పాత కార్మికుల్ని వెతికి పట్టుకో. తొట్లు ఎక్కడుండేవి, కడిగిన నీళ్లు ఏ నాలాలోకి వదిలేవారు, స్లడ్జ్ (తొట్ల అడుగున మిగిలే బురద) ఎక్కడ పూడ్చారు అని అడుగు. కాగితాల్లో లేనివి వాళ్లు చెబుతారు. మే నెలలో తొట్ల పక్క గోడల అడుగు భాగం చూడు. ఇటుకల మీద పసుపుపచ్చగా ఉప్పు పూసినట్టుంటే అది నేలలోంచి తడితో పైకెక్కిన హెక్సావాలెంట్ క్రోమియం, అంటే నీళ్లలో తేలిగ్గా కరిగే విషపు రూపం, కావచ్చు. చేత్తో తాకకు. గ్లౌజు వేసుకుని గీకి డబ్బాలో పెట్టు.

మట్టి నమూనాలకు స్థలమంతా 10 మీటర్ల గళ్లు గీయి, తొట్ల దగ్గర 5 మీటర్లకు తగ్గించు. పై 15 సెంటీమీటర్లు, అర మీటరు, మీటరు, అలా మొరం తగిలేదాకా విడివిడిగా తీయి. ఐదు చోట్ల మట్టి కలిపి ఒకే నమూనాగా పంపితే ఖర్చు తగ్గుతుందని ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోకు. ఒకచోట కిలోకు 5,000 మిల్లీగ్రాములు, మిగతా నాలుగు చోట్ల 50 చొప్పున ఉంటే కలిపినదాంట్లో 1,040 వస్తుంది. అసలు గుంట ఎక్కడుందో కనబడకుండా పోతుంది. ల్యాబుకు మొత్తం క్రోమియంతో పాటు హెక్సావాలెంట్ కూడా విడిగా చూడమని రాసివ్వు. నీటి నమూనాను వెంటనే వడగట్టి, ఐసుపెట్టెలో పెట్టి, 24 గంటల్లోపు పరీక్ష చేయించాలి.

భూగర్భజలం వాలు తెలియాలంటే త్రికోణంలో కనీసం మూడు పిజోమీటర్లు (నీటిమట్టం కొలిచే సన్నని గొట్టపు బోర్లు) కావాలి. మేలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మట్టం కొలువు. ఎండాకాలంలో కుంటలోకి పోయే నీరు వానల తర్వాత కుంటలోంచి ఎదురు రావచ్చు. మనది గ్రానైటు నేల. పైన మొరం, కింద పగుళ్లు. స్థలంలో పాత బోర్లుంటే పైనున్న విషం వాటి గుండా నేరుగా పగుళ్లలోకి దిగుతుంది. అందుకే తవ్వకం మొదలుపెట్టక ముందే వాటిని బెంటొనైట్ (తడికి ఉబ్బే బంకమట్టి) కలిపిన సిమెంటుతో, పైపు అడుగుదాకా దించి, కిందినుంచి పైకి నింపుకుంటూ మూసెయ్యి. పైనుంచి గుమ్మరిస్తే మధ్యలో ఇరుక్కుని అడుగు ఖాళీగా మిగిలిపోతుంది.

హెక్సావాలెంట్ క్రోమియాన్ని కదలని రూపంలోకి మార్చడానికి మన అన్నభేది, అదే ఫెర్రస్ సల్ఫేట్, చాలు. లెక్క ప్రకారం కిలో క్రోమియానికి 16 కిలోలు. నేలలో మాత్రం గాలి, ఇతర పదార్థాలు కొంత తినేస్తాయి కనుక రెండు మూడు రెట్లు పట్టవచ్చు. క్షారం ఎక్కువున్న మట్టిలో ఇనుము క్రోమియాన్ని చేరకముందే తుప్పులా అవక్షేపమైపోతుంది. ముందు బకెట్లలో నాలుగైదు మోతాదులతో ట్రయల్ చేసి, 28 రోజుల తర్వాత మళ్లీ పరీక్షించు. సీసం సంగతి వేరు. సిమెంటుతో, సున్నంతో కట్టవచ్చు గానీ సున్నం ఎక్కువై పీహెచ్ 12 దాటితే కట్టుబడిన సీసం మళ్లీ కరుగుతుంది. ఎక్కువ వేస్తే మంచిదే కదా అనుకునే కాంట్రాక్టరుతో ఇక్కడే జాగ్రత్త.

కుంట అడుగు పూడిక నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటుంది. అందులో లోహాలు గంధకంతో కలిసి ఉంటాయి, నీళ్ల కింద ఉన్నంతకాలం పెద్దగా కదలవు. తీసి గట్టు మీద ఆరబోస్తే గాలి తగిలి ఆమ్లం పుడుతుంది, లోహాలు విడిపోయి మొదటి వానకే తిరిగి కుంటలోకి జారతాయి. అందుకని జియోట్యూబుల్లోకి (నీరు కారిపోయి బురద నిలిచే పెద్ద గుడ్డ సంచుల్లోకి) పంపు చేసి, కింద హెచ్‌డీపీఈ (మందపాటి ప్లాస్టిక్) షీటు, చుట్టూ గట్టు పెట్టి, కారిన నీటిని శుద్ధికి పంపు. ఎగువనుంచి వచ్చే నాలాను ఆపకుండా పూడిక తీస్తే మాత్రం డబ్బు నీళ్లపాలే. నీటి అడుగు పని ఎంత కాలం పడుతుందో చూడు, అమెరికాలోని సియాటిల్‌లో లేక్ యూనియన్ సరస్సు ఒడ్డున 1906 నుంచి 1956 దాకా గ్యాసు తయారుచేసిన కర్మాగారం 1975లో అందమైన పార్కయింది. సరస్సు అడుగున చేరిన తారు పని మాత్రం అర్ధ శతాబ్దం దాటినా తేలలేదు.

తవ్వకం జనవరి నుంచి మే లోపు ముగించు. ప్రమాదకర మట్టిని దుండిగల్‌లోని వ్యర్థాల కేంద్రానికి పంపేటప్పుడు ప్రతి లారీకీ ఫారం 10 (రవాణా పత్రం) ఉండాలి. గుంత పూడ్చేముందు అడుగున, నాలుగు పక్కలా మళ్లీ నమూనాలు తీయి. ఎఫ్‌టీఎల్ (కుంట నిండినప్పుడు నీరు చేరే హద్దు) లోపల మట్టి కప్పి సరిపెట్టడం కుదరదు, నేల మట్టం పెరిగితే కుంటను పూడ్చినట్టే లెక్క. అక్కడ తవ్వి తీయాల్సిందే. బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన ఒడ్డు పట్టీ, 10 హెక్టార్లకు తగ్గిన కుంటకు 9 మీటర్లు, ఆపైన 30. మిగతాచోట కలుషిత మట్టిని కప్పేటప్పుడు ఉత్త నల్లరేగడిని నమ్ముకోకు, ఎండకు బీటలు వారుతుంది. పైన హెచ్‌డీపీఈ, నీరు జారే పొర, ఆపైన మంచి మట్టి వెయ్యాలి. లోతుగా వేళ్లు దిగే మర్రి, రావి నాటొద్దు.

ఇంకొకటి, అందరూ మరిచేది. కట్టడాలొచ్చాక ఇంకుడు గుంతలు తవ్వమంటారు. మంచి ఉద్దేశమే గానీ, కప్పిన మట్టిలోంచి వాననీటిని కిందికి దింపితే ఇంతకాలం చేసినదంతా భూగర్భజలంలోకి కొట్టుకుపోతుంది. నీటిని తొట్టెలో పట్టండి, లేదా శుభ్రమైన నేల వరకు కాలువతో తీసుకెళ్లండి. సెల్లారు తవ్వి నీళ్లు తోడడం, కొత్త బోరు వేయడం కూడా వద్దు. ఈ మూడూ చేయకూడదని స్థలం దస్తావేజులోనే రాయించు. కలుషిత స్థలాల మీద 2025 జులైలో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. కాలుష్య నియంత్రణ మండలిని మొదటి రోజునుంచే వెంటబెట్టుకో.

బకెట్ల ట్రయల్ అంకెలు వచ్చాక పంపించు, కూర్చుని చూస్తాను.

మీ మామయ్య