పొగ ఏ రంగులో వచ్చింది?

అమ్మాయీ,

నీ కథ చదివాను. కొర్లగుంటలో ఇంటి ముందు రేకుల పంచలో, నాన్నగారి పాత మారుతి 800 ఇంజన్‌ను మొదటిసారి నీ చేతులతో విప్పి బిగించిన కథ. బేరింగ్ క్యాపులు తారుమారు కాకుండా దినపత్రిక మీద వరుసగా పరిచి అంకెలు వేసుకున్నావే, అక్కడ ఆగి రెండోసారి చదివాను. పేజీ తిప్పితే ‘నెల రోజులు కష్టపడి అన్నీ బిగించాను’ అని ఒకే ఒక్క వాక్యం! ఆ వెంటనే పేజీన్నర శేషాచలం మీద వెన్నెల. నాకు కోపం వచ్చింది.

ఆ నెల రోజులే కదమ్మా కథ! బండి పొగ వదులుతోందన్నావు. ఏ రంగు పొగ? నీలంగా ఉంటే ఆయిల్ మండుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లగా వస్తూనే ఉంటే సిలిండర్లకు, వాటి పైమూతకు మధ్య ఉండే గ్యాస్కెట్ పోయి నీళ్లు సిలిండరులోకి దిగుతున్నాయని అనుమానించాలి. ఆ రంగు తెలియకుండా నువ్వు ఆ పైమూత, అదే హెడ్, ఎందుకు దించావో నాకెలా అర్థమవుతుంది? పిస్టన్ చుట్టూ ఉండే రింగుల చీలికలు ఒకే వరుసలో పడకుండా తిప్పి పెట్టావా? హెడ్ బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి బయటివైపుకు, విడతలుగా బిగించావా? ఆ క్రమంలోనే నీ భయం, పట్టుదల అన్నీ ఉన్నాయి. పనిని వరుస తప్పకుండా చెప్పు. ‘గుండె వేగంగా కొట్టుకుంది’ అని వేరే రాయనక్కర్లేదు.

సాంకేతిక పదాలు పాఠకులను తరిమేస్తాయేమోనని అడిగావు. ఈ భయం నీకు నేర్పినవాళ్లు నాకు బాగా తెలుసు. వయసులో ఉన్నప్పుడు చిత్తూరులో ఒక లేత్ షాపులో లెక్కలు రాసేవాణ్ణి. బోరు చేసిన, అంటే లోపల కోసి వెడల్పు చేసిన సిలిండరు గోడకు హోనింగ్ సాన పట్టే పెద్దాయన మీద కథ రాశాను. ఆ గోడ అద్దంలా నున్నగా ఉండకూడదు. ఒకదాన్నొకటి కోసుకునే సన్నని గీతలు పడాలి, వాటిలోనే ఆయిల్ నిలుస్తుంది. ఆయన టార్చి వేసి ఆ గీతలే చూసుకునేవాడు. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ పేరాలన్నీ కొట్టేసి, ‘పెద్దాయనకు ఒక ప్రేమకథ పెట్టండి’ అని తిప్పి పంపాడు. నేను పెట్టలేదు. ఆ కథ ఏళ్లతరబడి పెట్టెలోనే ఉండిపోయింది. ఆ కొట్టివేతలు ఇప్పటికీ నన్ను మండిస్తాయి. వరి కోత గురించి రాస్తే సాహిత్యమట, వాల్వుకు గ్రైండింగ్ పేస్టు రాసి రుద్దడం గురించి రాస్తే మాన్యువలట! ఇప్పటి కథల శిబిరాల్లోనూ ‘అంతరంగం, అంతరంగం’ అని ఒకటే పాట. చేతులకు అంతరంగం లేదా?

ఇంకొకటి. బిగించిన మర్నాడే అలిపిరి దాటి ఘాట్ ఎక్కించానన్నావు. కొత్త రింగులు సిలిండరు గోడతో ఒరుసుకుని అమరడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అంత తొందరెందుకు? మొక్కు ఉందా? నాన్నగారు పట్టుబట్టారా? కారణం ఉంటే అదే నీ కథకు ఆయువుపట్టు, దాచకు.

వెన్నెల తీసేసి మళ్లీ రాసి పంపు. ఆ ఇంజన్ బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, కొత్తలో 68.5 మిల్లీమీటర్లు. అరిగి ఎంతకు వచ్చిందని లేత్ షాపులో చెప్పారో ఆ అంకె నీ కథలో ఎక్కడా లేదు. అది నాకు కావాలి.