ముక్కు కట్టే ముందు ఆ పెచ్చు సంగతి తేల్చండి

ప్రశ్న: నాన్నగారికి 64 ఏళ్లు. వ్యవసాయం. ఎడమ ముక్కుపుట మీద పుట్టుమచ్చలా నల్లగా లేచింది మూడేళ్లలో పుండైంది. మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాశాం. ముక్క తీసి పరీక్ష చేస్తే పాకుతుందని చుట్టాలు భయపెడితే ఏడాది ఆగాం. చివరికి బయాప్సీలో బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. ఏడు వారాల క్రితం ఆపరేషన్ చేసి తీసేశారు. ముక్కుపుట సగం పోయింది. నుదుటి చర్మం తిప్పి ముక్కు కట్టాలని, మూడు వారాలు అది నుదుటికీ ముక్కుకీ అతుక్కునే ఉంటుందని ప్లాస్టిక్ సర్జన్ అన్నారు. నాన్న హడలిపోయారు. రెండు నెలల్లో చెల్లి పెళ్లి. నుదుటి మీద మచ్చ పడకుండా వేరే దారి లేదా? పెళ్లయ్యాక చేయించుకోవచ్చా? నాన్నకు గుండెలో స్టెంట్ ఉంది, చుట్ట అలవాటు. గాయం అంచున చిన్న పెచ్చు కడుతూ ఊడుతోంది, పాత ఆయింట్‌మెంటే రాస్తున్నాం.
– ఓ పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: మీరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు చూడండి, ఆ పెచ్చు. ముందు దాని గురించే మాట్లాడాలి. మానుతున్న గాయం మీద పెచ్చు కట్టడం మామూలే. కానీ క్యాన్సర్ తీసిన చోట, ఏడు వారాలైనా ఒకే అంచున కడుతూ ఊడుతూ ఉంటే దాన్ని మామూలు పెచ్చు అనుకుని ఊరుకోకూడదు. చూడకుండా అది ఫలానా అని నేను చెప్పలేను. ఈ వారంలోనే ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించండి. అవసరమైతే అక్కడ మళ్లీ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ ఆయింట్‌మెంట్ ఇవాళే ఆపేయండి. షాపుల్లో పుండ్లకని ఇచ్చే చాలా ఆయింట్‌మెంట్లలో స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపు, దురద తగ్గించి నయమవుతున్నట్టు భ్రమ కలిగిస్తుంది. అడుగున క్యాన్సర్ తన పని తాను చేసుకుపోతుంది. మీ నాన్నగారి విషయంలో మూడేళ్లు జరిగింది బహుశా అదే.

వెళ్లేటప్పుడు తీసిన ముక్క తాలూకు పాథాలజీ రిపోర్టు పట్టుకెళ్లండి. మొదటి బయాప్సీ కాగితం కాదు, ఆపరేషన్ తర్వాత వచ్చింది. అందులో పక్క అంచుల్లో, అడుగు అంచులో క్యాన్సర్ మిగిలిందా లేదా అని విడివిడిగా రాస్తారు. ముక్కు కట్టాలా, ఎప్పుడు కట్టాలా అన్నది దాన్నిబట్టే తేలుతుంది. మోస్ పద్ధతిలో అయితే తీసిన ముక్క అంచంతా అప్పటికప్పుడే మైక్రోస్కోప్ కింద చూసి, మిగిలిన చోటే మళ్లీ కొంచెం కోస్తారు. ఆ సదుపాయం మన దగ్గర కొద్దిచోట్లే ఉంది. లేనిచోట రిపోర్టు వచ్చేదాకా డ్రెస్సింగ్‌తో ఆగడమే మంచిది. అంచులు శుభ్రంగా లేకుండా కట్టేస్తే, నుదుటి నుంచి తెచ్చిన మందపాటి చర్మం కింద క్యాన్సర్ మళ్లీ పెరిగినా త్వరగా బయటపడదు. అప్పుడు కట్టిన ముక్కూ పోతుంది, వాడుకోవాల్సిన నుదుటి చర్మమూ అయిపోతుంది.

ముక్క తీస్తే పాకుతుందన్న మాట నేను ఓపీలో తరచూ వింటాను. నిజం కాదు. ఈ రకం క్యాన్సర్ ఒంట్లో వేరే చోటికి పాకడం చాలా అరుదు. ఉన్నచోటే చర్మాన్ని, కింది మృదులాస్థిని, ఇంకా వదిలేస్తే ఎముకను తినేస్తుంది. మన చర్మంలో ఇది తరచూ నల్లగానే వస్తుంది కాబట్టి పుట్టుమచ్చ అనుకోవడంలో మీ తప్పు లేదు. కానీ పెద్దవయసులో కొత్తగా వచ్చి, పెరిగి, రక్తం చెమరుస్తున్నదాన్ని ఏడాది ఆపడం మాత్రం తప్పే. చిన్నగా ఉన్నప్పుడే వచ్చి ఉంటే పక్క చర్మం జరిపి ఒక్క ఆపరేషన్‌తో కుట్టేసే అవకాశం ఉండేది.

ఇక నుదురు. ముక్కంటే పైన చర్మం, మధ్యలో మృదులాస్థి, లోపల పొర. సగం ముక్కుపుట పోయిందంటే ఈ మూడూ కట్టాల్సి రావచ్చు. చెవి నుంచి మృదులాస్థి తెచ్చి ఆసరా పెట్టకపోతే అంచు లోపలికి కూలి ఊపిరికి అడ్డం పడుతుంది. ఆ మృదులాస్థి బతకాలంటే పైన రక్తం బాగా అందే చర్మం కావాలి. చెవి వెనక నుంచి తెచ్చే పలుచటి చర్మం సాధారణంగా అందుకు చాలదు. నుదుటి చర్మం రంగులో, మందంలో ముక్కుకు దగ్గరగా ఉంటుంది. కనుబొమ మొదట్లోంచి వచ్చే రక్తనాళంతో సహా దాన్ని తిప్పుతారు. ముక్కు వైపు నుంచి కొత్త రక్తనాళాలు పట్టడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. అందుకే నుదుటికీ ముక్కుకీ మధ్య వంతెనలా ఉండే ఆ చర్మపు తొడిమను అన్నాళ్లు ఉంచి, తర్వాత కత్తిరిస్తారు. మచ్చ నుదుటి మీద నిలువుగా పడుతుంది, ఏడాదిలో చాలావరకు కలిసిపోతుంది. లోటు చిన్నదైతే చెంప మడత నుంచి చర్మం తేవచ్చేమో మీ సర్జన్‌ను అడగండి. కొలత చూడకుండా నేను చెప్పలేను.

నాన్నగారికి ఒక మాట చెప్పండి. ఇది మన దేశం నుంచే ప్రపంచానికి వెళ్లిన వైద్యం. మైసూరు యుద్ధాల్లో ముక్కు కోయించుకున్న కవాస్జీ అనే బండివాడికి పుణె దగ్గర నుదుటి చర్మంతో ముక్కు కట్టిన వైనం 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. ఇవాళ మత్తు, యాంటీబయాటిక్స్ అన్నీ ఉన్నాయి. భయపడాల్సింది ఆలస్యానికే.

పెళ్లి విషయం. అంచులు శుభ్రంగా ఉండి, పెచ్చు మామూలుదని తేలితే, డ్రెస్సింగ్‌తో పెళ్లి జరిపించుకోవడానికి మీ సర్జన్ ఒప్పుకోవచ్చు. ప్రాణానికి ముప్పుండదు. కాకపోతే గాయం మానేకొద్దీ ముక్కుపుట పైకి లాక్కుపోతుంది, తర్వాత పని కష్టమవుతుంది. అంచుల్లో క్యాన్సర్ మిగిలి ఉంటే మాత్రం పెళ్లి కోసం ఆగొద్దు.

చుట్ట ఇవాళే మానాలి. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు నుంచి, తొడిమ కత్తిరించి గాయాలు మానేవరకూ ముట్టకూడదు. పొగాకుతో రక్తనాళాలు కుంచించుకుపోయి, తిప్పిన చర్మం కొస నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఉంది. స్టెంట్ ఉంది కాబట్టి రక్తం పలుచబడే మాత్రలు వాడుతూనే ఉంటారు. ఆపరేషన్ అనగానే వాటిని మీ అంతట మీరు ఆపేయొద్దు, ఎవరో చెప్పారనీ ఆపొద్దు. స్టెంట్ మూసుకుపోతే ముక్కు కంటే పెద్ద ప్రమాదం. గుండె డాక్టరు, సర్జన్ మాట్లాడుకుని చెప్పినట్టే చేయండి. షుగర్ పరీక్ష కూడా చేయించండి, దాని గురించి మీరేమీ రాయలేదు.