డాక్టరమ్మకో ఉత్తరం: రెండెకరాలు అమ్మొద్దు

ఈ నెల సంచీలో నాలుగు ఉత్తరాలు జీన్ థెరపీ (పాడైన జన్యువు పని చేసే మంచి జన్యువును ఒంట్లోకి పంపడం) లాంటి కొత్త చికిత్సల గురించే. తెనాలి దగ్గర నుంచి వచ్చిన దాన్ని ముందు తీసుకుంటున్నాను. అది నాలుగు పేజీల ఉత్తరం, రెండుచోట్ల సిరా అలికినట్టు ఉంది.

ప్రశ్న: డాక్టరమ్మగారూ, మా బాబుకు ఆరేళ్లు. పరిగెత్తలేడు. మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటాడు. పిక్కలు మాత్రం లావుగా, గట్టిగా ఉంటాయి. మా మామగారు వాటిని తడిమి "మనవడు పహిల్వాన్ అవుతాడు" అని మురిసిపోయేవారు. మొన్న రక్తపరీక్ష, జీన్ పరీక్ష చేసి డీఎండీ (డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ) అనే కండరాల జబ్బు అన్నారు. 16 కోట్ల ఇంజెక్షన్ ఒక్కటి వేస్తే నయమైపోతుందని వాట్సాప్‌లో వీడియో వచ్చింది. ఉన్న రెండెకరాల మాగాణి అమ్మి, మిగిలింది చందాలు అడుగుదామని మావారు అంటున్నారు. మాది మేనరికం, మా మేనత్తే నాకు అత్తగారు. అందువల్లే ఇలా అయిందని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: అమ్మా, పొలం అమ్మొద్దు. మిగతావన్నీ తర్వాత చదువుకోవచ్చు, ముందు ఈ ఒక్క మాట మీవారికి చదివి వినిపించు.

ఆ వీడియోలోది మీ బాబు జబ్బు కాదు. 16 కోట్ల ఇంజెక్షన్ ఎస్ఎంఏది. వెన్నుపాములో కండరాలను ఆడించే నరాల కణాలు చచ్చిపోయే జబ్బు అది. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడికి జనం చందాలు వేసి ఆ మందు తెప్పించారు. పేపర్లన్నీ రాశాయి. అప్పటి నుంచి మా దగ్గరికి ఏ కండరాల జబ్బు పిల్లాడు వచ్చినా వెనకాలే ఆ 16 కోట్ల మాటా వస్తుంది. ఎస్ఎంఏలో పాడయ్యే జన్యువు చిన్నది. ప్రొటీన్ తయారీకి కావలసిన రాత దాంట్లో 900 డీఎన్ఏ అక్షరాలు దాటదు. వైరస్ లోపలి సరుకు తీసేసి ఆ రాతను అందులో పెట్టి పంపితే హాయిగా పడుతుంది.

మీ బాబుకు పాడైంది డిస్ట్రోఫిన్ అనే, కండలు చిరగకుండా కాపాడే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు. మనిషి జన్యువుల్లో అతి పెద్దవాటిలో అదొకటి. మొత్తం 22 లక్షల అక్షరాల పైచిలుకు, అందులో ప్రొటీన్‌కు పనికొచ్చే రాతే 11 వేలు. మందు మోసుకెళ్లే ఏఏవీ అనే వైరస్‌లో పట్టేది 4,700. ఆర్టీసీ బస్సుకు సరిపడా సంసారాన్ని ఆటోలో ఎక్కించాలన్నమాట. అందుకని శాస్త్రజ్ఞులు జన్యువును కత్తిరించి, అతి ముఖ్యమనుకున్న ముక్కలే ఉంచి మైక్రో డిస్ట్రోఫిన్ అని తయారుచేశారు.

ఈ ధైర్యం వాళ్లకు ఎక్కడిదంటే, 1990లో బ్రిటన్ నుంచి ఒక రోగి గురించి వ్యాసం వచ్చింది. ఆయన డిస్ట్రోఫిన్ రాతలో 46 శాతం పుట్టుకతోనే లేదు. అయినా 61 ఏళ్ల వయసులో నడుస్తున్నాడు. సగం పోయినా బండి నడుస్తుందని ప్రకృతే చూపించింది. నాకీ కథంటే మహా ఇష్టం, ఎన్ని తరగతుల్లో చెప్పానో లెక్కలేదు. కాకపోతే ఆయనకు మిగిలింది సగానికి పైనే. మన ఆటోలో పట్టింది మూడో వంతు.

ఆ మందు పేరు ఎలెవిడిస్. అమెరికాలో 2023 జూన్‌లో నాలుగైదేళ్ల పిల్లలకు అనుమతి ఇచ్చారు. ధర 32 లక్షల డాలర్లు, మన లెక్కలో పాతిక కోట్లు దాటుతుంది. అదే ఏడాది చివర్లో, 125 మంది మగపిల్లల మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే, లేవడం, నడవడం, గెంతడం లాంటి పనులకు వేసే మార్కుల్లో మందు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ తేడా ఉందని గట్టిగా చెప్పగలిగేంత రాలేదు. నేల మీంచి లేవడానికి పట్టే సమయం లాంటి కొన్ని కొలతల్లో కాస్త మెరుగు కనిపించింది. 2024లో అనుమతిని నడక పోయినవాళ్లకూ పెంచారు. 2025లో, అలా నడక పోయిన ఇద్దరు కుర్రాళ్లు ఈ మందు తర్వాత లివర్ పాడై చనిపోయారు. దాంతో నడవగలిగే, నాలుగేళ్లు నిండినవాళ్లకు మాత్రమే ఇవ్వాలని, లివర్ ప్రమాదం గురించి పెద్ద హెచ్చరిక అచ్చువేయాలని అక్కడి ప్రభుత్వం మార్చింది. లివర్ ఎందుకంటావేమో. కండ ఒంటినిండా ఉంటుంది, అంతటికీ అందాలంటే కిలో బరువుకు 133 లక్షల కోట్ల వైరస్ రేణువులు రక్తంలోకి ఎక్కించాలి. దారిలో వాటిలో చాలా భాగాన్ని పట్టుకునేది లివరే. పైగా ఒకసారి ఎక్కించాక ఒంట్లో యాంటీబాడీలు తయారై కూర్చుంటాయి. ఇదే వైరస్‌తో రేపు ఇంతకంటే మంచి మందు వచ్చినా, ఆ పిల్లాడికి తలుపు దాదాపు మూసుకున్నట్టే.

నడిచే పిల్లలకే అన్న ఆ మాట నువ్వు పట్టుకో. ఏ పరిశోధనలో చేర్చుకోవాలన్నా మొదట అడిగేది పిల్లాడు నడుస్తున్నాడా అనే. కాబట్టి బాబు నడకను వీలైనన్ని ఏళ్లు కాపాడటమే ఇవాళ్టి మన పని. మీ డాక్టరు రాసిన స్టెరాయిడ్ మొదలుపెట్టు. ముఖం ఉబ్బిందనో, పక్కింటామె భయపెట్టిందనో ఒక్కసారిగా ఆపేయకు, అది ప్రాణాపాయం. మొదలుపెట్టే ముందు టీకాలన్నీ పూర్తయ్యాయో లేదో చూపించు. రాత్రిళ్లు చీలమండకు స్ప్లింట్ కట్టు. గెంతడం, మెట్లు దిగడం లాంటివి పదేపదే చేయించకు, కండలు తెగిపోతాయి. బరువు పెరగనీయకు. ఏటా గుండెకు ఎకో తీయించు, ఎందుకంటే గుండె కూడా కండే.

ఇక మేనరికం. ఈ జబ్బుకూ దానికీ సంబంధం లేదు. డిస్ట్రోఫిన్ ఉండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. మగపిల్లాడికి అది తల్లి దగ్గర నుంచే వస్తుంది, తండ్రి ఎవరైనా ఒకటే. మేనత్త కొడుకును కాకుండా ఏ కాశ్మీరువాణ్ణి చేసుకున్నా ఇదే జరిగేది. అలాగని తప్పు నీ మీదికి తోసుకోకు. మూడింట ఒక వంతు కేసుల్లో తల్లి జన్యువు శుభ్రంగానే ఉంటుంది, లోపం కొత్తగా పుడుతుంది. నీకు పరీక్ష చేయించుకో. నీలో ఆ లోపం ఉంటే నీ గుండెకూ ఎకో అవసరం, మీ అక్కచెల్లెళ్లకూ చెప్పాలి.

(ఇతర పాఠకులకు: నాలుగేళ్ల మగపిల్లాణ్ణి నేల మీద బాసింపట్టు వేయించి, ఏదీ పట్టుకోకుండా లేవమనండి. ముందు బోర్లా తిరిగి, చేతులు నేలకానించి, తర్వాత మోకాళ్ల మీద, తొడల మీద చేతులు వేసుకుంటూ, తన ఒంటినే నిచ్చెన చేసుకుని ఎక్కినట్టు లేస్తుంటే ఆలస్యం చేయకుండా చూపించండి. కండలు దెబ్బతింటున్నాయో లేదో చెప్పే సీపీకే అనే రక్తపరీక్ష కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది.)

ప్రశ్న: మా చెల్లెలి బాబు ఐదో నెలలో న్యుమోనియాతో పోయాడు. పుట్టినప్పుడు వేసిన బీసీజీ టీకా పక్క చంకలో గడ్డ లేచింది, నోట్లో తెల్లపూత తగ్గలేదు, బరువు పెరగలేదు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేదేమో అని చివర్లో అన్నారు. చెల్లెల్ని మా మేనమామకే ఇచ్చాం. ఇప్పుడు మళ్లీ మూడో నెల. దీనికి జీన్ థెరపీ ఉందంటున్నారు. (కరీంనగర్ నుంచి ఒక అన్నయ్య)

జవాబు: బాబూ, మీరు రాసిన మూడు లక్షణాలు చదవగానే నాకు మా వార్డులో ఒక కేసు షీటు గుర్తొచ్చింది. తెల్లకణాలు 6,000 అని రిపోర్టు. "కౌంట్ బాగానే ఉంది" అని నేనే సంతకం పెట్టాను. కింది గీతలో, వాటిలో రోగాలతో పోరాడే రకమైన లింఫోసైట్లు 8 శాతం. ఆరు వేలలో 8 శాతం అంటే 480. పాలుతాగే పిల్లల్లో అది 3,000కు తగ్గితేనే ఉలిక్కిపడాలి. గుణించి చూడలేదు. మూడు రోజుల తర్వాత మా ప్రొఫెసర్ గుణించారు. అప్పటి నుంచి పసిపిల్లల సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టు చూసినప్పుడల్లా పెన్నుతో పక్కన లెక్క వేస్తాను.

పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని ఈ జబ్బును స్కిడ్ అంటారు. ఇందులో మేనరికం పాత్ర ఉండొచ్చు. చాలా రకాల్లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి పాడైన కాపీ కలిస్తేనే జబ్బు వస్తుంది, అప్పుడు ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. తల్లి ద్వారా మగపిల్లలకే వచ్చే రకమూ ఉంది. ఏ రకమో తేలాలి. అందుకని ఈ వారమే చెల్లెల్నీ మామయ్యనూ హైదరాబాద్‌లో నిమ్స్ జెనెటిక్స్ విభాగానికి తీసుకెళ్లండి. పోయిన బాబు రక్తం ఏ ల్యాబులోనైనా మిగిలుందేమో అడగండి. లోపం దొరికితే 11వ వారం నుంచి మాయ ముక్క తీసి పరీక్ష చేయవచ్చు. వారాలు గడిచేకొద్దీ దారులు తగ్గిపోతాయి.

ఏదీ తేలకుండానే కాన్పు వచ్చిందనుకోండి. బిడ్డకు బీసీజీ, పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు వేయొద్దని కాగితం మీద రాయించి కాన్పు గదిలో ముందే ఇవ్వండి. అవి బతికున్న క్రిములతో చేసిన టీకాలు, మామూలు పిల్లలకు రక్ష, ఈ పిల్లలకు జబ్బు. బొడ్డు రక్తంలో లింఫోసైట్లు లెక్కించమనండి, గుణించమని కూడా చెప్పండి. జబ్బు ఉందని తేలితే ఎముక మజ్జ మార్పిడి. అమెరికా లెక్కల్లో మూడున్నర నెలల్లోపు మార్పిడి జరిగిన పిల్లల్లో 94 శాతం బతికారు. మన అరుదైన వ్యాధుల విధానంలో స్కిడ్ మొదటి వర్గంలో ఉంది, 50 లక్షల దాకా సాయం దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఆ పని చూసే కేంద్రం సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల కేంద్ర సంస్థ), నిమ్స్ కలిసి నడుపుతున్నదే.

జీన్ థెరపీ నిజమే, బాగా పనిచేస్తున్నదీ నిజమే. స్కిడ్‌లోనే ఏడీఏ లోపం అనే రకంలో 50 మంది పిల్లల ఫలితాలు 2021లో ప్రచురించారు. అందరూ బతికే ఉన్నారు, 48 మందికి చికిత్స పట్టింది. విచిత్రమేంటంటే, అంత పనిచేసిన మందును కంపెనీ లాభసాటి కాదని పక్కనపెట్టి విశ్వవిద్యాలయానికి తిరిగి ఇచ్చేసింది. జబ్బు అరుదు, కొనేవాళ్లు తక్కువ. మీ చెల్లెలి బిడ్డ దానికోసం కూర్చోనక్కర్లేదు. మజ్జ మార్పిడి చేతికందే దూరంలో ఉంది.

ప్రశ్న: మేడమ్, నేను విశాఖలో బీఎస్సీ బయోటెక్ చదువుతున్నాను. జీన్ థెరపీ వల్ల పిల్లలకు క్యాన్సర్ వచ్చిందని చదివాను. అయినా ఎందుకు కొనసాగించారు?

జవాబు: మంచి ప్రశ్న. 1999లో పారిస్‌లో, తర్వాత లండన్‌లో ఎక్స్ రకం స్కిడ్ (పైన చెప్పిన, తల్లి ద్వారా మగపిల్లలకే వచ్చే రకం) పిల్లలకు వాళ్ల మజ్జలోని మూలకణాలు బయటికి తీసి, మంచి జన్యువు ఎక్కించి తిరిగి ఇచ్చారు. మొత్తం 20 మంది. చాలామంది ఇంటికెళ్లి మామూలుగా పెరిగారు. కానీ తొలి ఏళ్లలోనే ఐదుగురికి లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చింది, ఒకరు చనిపోయారు. అప్పట్లో వాడిన వైరస్ మన క్రోమోజోముల్లో తనకిష్టమైన చోట దూరుతుంది, దాంతో పాటు గట్టి స్విచ్ ఒకటి మోసుకెళ్తుంది. అది కణాలను విచ్చలవిడిగా పెంచగల ఎల్ఎంఓ2 అనే జన్యువు పక్కన పడి, ఎప్పుడూ ఆన్‌లో ఉండేట్టు చేసింది. తర్వాత ఆ స్విచ్ తీసేశారు. హెచ్ఐవీ నుంచి కోరలు పీకి తయారుచేసిన లెంటివైరస్‌కు మారారు. పైన చెప్పిన 50 మందికి వాడింది అలాంటిదే. వెల్లూరు సీఎంసీలో ఐదుగురు హీమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) రోగులకు చేసిన చికిత్స కూడా ఈ దారిలోదే, 2024 డిసెంబరులో ప్రచురితమైంది.

కొనసాగించడానికి కారణం అడిగావు. చికిత్స లేకపోతే ఆ పిల్లలు రెండేళ్లు నిండకుండానే పోతారు. సరిపోలే దాత లేని బిడ్డ తల్లిదండ్రుల ముందు ఆ రెండు ప్రమాదాలూ పెట్టి, వాళ్లు ఒప్పుకున్నాకే చేశారు.

కండరాల జబ్బులో రక్తంలోలా కణాలు బయటికి తీయలేం. అందుకే అక్కడ అన్ని లక్షల కోట్ల రేణువులు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే నీకు సగం సిలబస్ అయిపోయినట్టే.

ప్రశ్న: డీఎండీకి స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ చేస్తామని మా ఊరికి క్యాంపు వచ్చింది. మూడు డోసులకు డబ్బు కడితే నాలుగోది ఉచితమట. వెళ్లమంటారా?

జవాబు: ఆషాఢం డిస్కౌంటా? వద్దు. 2017 నుంచి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. డీఎండీకి స్టెమ్ సెల్స్ అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా తప్ప ఇవ్వకూడదు, పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు చెప్పమనండి. అడ్వాన్సు ఇప్పటికే కట్టేసి ఉంటే రసీదు జాగ్రత్త చేసి, దాని ఫోటో ఈ శీర్షికకు పంపండి.