పిల్లల గురించి అడిగితే జవాబు చెప్పి తీరాలా?

ప్రశ్న: మాది విజయవాడ. ఎంబీఏ చదివాను, వయసు 28. వచ్చే వారం హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కంపెనీలో హెచ్ఆర్ రౌండ్ ఉంది. జీతం నెలకు 38 వేలు అంటున్నారు. నాకిప్పుడు మూడో నెల, తొలి కాన్పు. అక్కడ పెళ్లి, పిల్లల గురించి అడుగుతారని, మాటల్లో కులం కూడా లాగుతారని తెలిసినవాళ్లు చెప్పారు. పాత కంపెనీని నోటీస్ పీరియడ్ పూర్తి చేయకుండా వదిలేశాను, వాళ్లు రిలీవింగ్ లెటర్ ఇవ్వలేదు. డిగ్రీలో ఉండగా ఫీజు రీయింబర్స్‌మెంట్ ధర్నాకు వెళ్తే మా అందరి మీద కేసు రాశారు. తరువాత అది ఏమైందో తెలియదు. ఇవన్నీ చెప్పాలా? చెప్పకపోతే ఉద్యోగంలో చేరాక తీసేస్తారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగినవాటన్నిటికీ 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 17వ సెక్షన్ నుంచే దారి దొరుకుతుంది. తెలిసిన విషయం గురించి ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదని ఆ సెక్షన్ వివరణ చెబుతుంది. దానికి రెండు మినహాయింపులున్నాయి. చెప్పి తీరాల్సిన బాధ్యత ఉన్నప్పుడు, మౌనమే జవాబుతో సమానమైనప్పుడు మాత్రం అది మోసం కిందికి వస్తుంది. కాబట్టి జవాబు ఇవ్వకపోవడం ఒక సంగతి, తప్పుడు జవాబు ఇవ్వడం పూర్తిగా వేరే సంగతి. ఇంటర్వ్యూలో కంగారుపడి చాలామంది మొదటిది చేయాల్సిన చోట రెండోది చేస్తారు. తరువాత కంపెనీ చేతికి దొరికే ఆయుధం అదే.

ముందు గర్భం విషయం. 'పిల్లల్ని ఎప్పుడు ప్లాన్ చేస్తున్నారు?' అని అడగడం నేరమని నేరుగా చెప్పే చట్టం మనకు లేదు. అయితే ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని 1976 సమాన వేతన చట్టం చెప్పింది. ఆ నిషేధం ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో ఉంది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక మాట దాచకుండా చెప్పాలి. ఎంపిక చేయకపోవడానికి కారణం గర్భమేనని ఇంటర్వ్యూ దశలో రుజువు చేయడం చాలా కష్టం. 'మీకంటే మంచి అభ్యర్థి దొరికారు' అంటే చాలు, వాళ్లు బయటపడతారు. చట్టం మీకు గట్టి అండగా నిలిచేది అపాయింట్‌మెంట్ లెటర్ వచ్చాకే. అందుకే ఆ కాగితం చేతికి రాకముందు గర్భం గురించి మీ అంతట మీరు చెప్పాల్సిన అవసరం లేదన్నది నా సలహా.

ఈ విషయంలో మీకు పనికొచ్చే తీర్పు 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన నీరా మాథుర్ కేసు. ఎల్ఐసీ అప్పట్లో మహిళా ఉద్యోగుల చేత ఒక డిక్లరేషన్ నింపించేది. నెలసరి సక్రమంగా వస్తుందా, చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఎన్ని కాన్పులయ్యాయి అని అందులో అడిగేవారు. ప్రొబేషన్‌లో ఉన్న నీరా మాథుర్ ప్రసూతి సెలవు తీసుకోగానే, డిక్లరేషన్‌లో తప్పు రాశారంటూ ఉద్యోగం నుంచి తొలగించారు. ఆ ప్రశ్నలు స్త్రీ గౌరవానికి భంగమని కోర్టు ఆక్షేపించింది. ఆ కాలమ్‌లు తీసేయమని, ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని ఆదేశించింది. అయితే ఎల్ఐసీ ప్రభుత్వ సంస్థ, రాజ్యాంగంలోని సమానత్వ నిబంధనలు దానికి నేరుగా వర్తిస్తాయి. ప్రైవేటు కంపెనీ మీద అదే వాదన వినిపించవచ్చు గాని, అంతే బలంగా పనిచేస్తుందని మాట ఇవ్వలేను. ఆ తీర్పు చూసుకుని అబద్ధం రాయవద్దు.

అడిగినప్పుడు ఇలా చెప్పండి: 'కుటుంబ విషయాలు ఇంటర్వ్యూలో మాట్లాడదలచుకోలేదండి. ఈ ఉద్యోగంలో షిఫ్టులు, ప్రయాణాలు ఎలా ఉంటాయో చెప్పండి. చేయగలనో లేదో సూటిగా చెప్తాను.' గొంతు మామూలుగా ఉండాలి, సంజాయిషీ వద్దు. 'ఇప్పట్లో అలాంటి ఆలోచన లేదండి' అని మాత్రం అనకండి, అది అబద్ధం. తరువాత ప్రయాణాల గురించి నిజంగానే అడిగితే, నెలకు పది రోజులు టూర్లు తిరుగుతానని ఒప్పుకోకండి. చేయగలిగినంతే ఒప్పుకోండి.

కాగితం దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అప్లికేషన్ ఫారంలో గర్భం గురించిన గడి ఉంటే ఖాళీగా వదిలేయండి, లేదా 'చెప్పదలచుకోలేదు' అని రాయండి. 'లేదు' అనో 'వర్తించదు' అనో రాయడం జవాబు ఇచ్చినట్టే, పైగా అది తప్పుడు జవాబు. ఆన్‌లైన్ ఫారం అవును, కాదు తప్ప ఇంకేదీ తీసుకోకపోతే అక్కడే ఆగండి. ఆ గడి ఎందుకు తప్పనిసరో తెలపమని హెచ్ఆర్‌కు రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. చాలా కంపెనీలు అప్పుడు ఆ గడిని వదిలేయమనే చెబుతాయి. చేరాక పీఎఫ్ నామినేషన్‌లోనూ ఇన్సూరెన్స్ కాగితాల్లోనూ భర్త పేరు, కుటుంబ వివరాలు అడుగుతారు. వాటికి సరైన అవసరం ఉంది, అక్కడ ఉన్నది ఉన్నట్టు రాయాలి.

వైద్య పరీక్షలు చేయిస్తామంటే సమ్మతి పత్రం చదివాకే సంతకం పెట్టండి, ఏయే పరీక్షలో అందులో ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే ఉంటే మాత్రం గర్భిణినని అక్కడి సిబ్బందికి తప్పకుండా చెప్పండి. ఇక్కడ ఉద్యోగం కంటే బిడ్డ ముఖ్యం. ఎక్స్‌రే వాయిదా వేయమని అడిగే హక్కు మీకుంది. సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట: ఉద్యోగం ఇవ్వడానికి ముందు షరతుగా హెచ్ఐవీ పరీక్ష చేయించమనడాన్ని 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది.

ఇక ప్రసూతి సెలవు లెక్క. మీకు ఇది అన్నిటికంటే ముఖ్యం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది గాని, లెక్క మారలేదు. తొలి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వస్తుంది. అందులో కాన్పుకు ముందు వాడుకోగలిగింది 8 వారాలకు మించదు. షరతు ఏమిటంటే, డాక్టరు ఇచ్చిన కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో ఆ యజమాని దగ్గరే 80 రోజులు పని చేసి ఉండాలి. పాత కంపెనీలో చేసిన రోజులు ఇందులో కలవవు. మీరు 15వ వారంలో చేరారనుకుందాం. వారానికి ఐదు రోజుల పని అయితే 80 రోజులకు 16 వారాలు పడుతుంది. అంటే 31వ వారానికి పూర్తవుతుంది, 32 నుంచి సెలవు పెట్టుకోవచ్చు. లెక్క సరిగ్గా సరిపోతోంది గాని జాగా మిగలట్లేదు. చేరడం నెల ఆలస్యమైతే 35వ వారం దాకా పని చేయాల్సి వస్తుంది. మధ్యలో డాక్టరు బెడ్ రెస్ట్ రాస్తే 80 నిండకపోవచ్చు. జీతంతో ఇచ్చిన చట్టబద్ధ సెలవు రోజులు ఈ 80లో కలుస్తాయి. వారాంతపు సెలవులను నమ్ముకోకుండానే లెక్క వేసుకోండి. అందుకే చేరే తేదీని మీరుగా వాయిదా వేయకండి. (జీతం 21 వేలు దాటని వాళ్లకు ఈఎస్ఐ ద్వారా వస్తుంది, అక్కడ లెక్క చందా కట్టిన 70 రోజులు. మీకు వర్తించదు.)

చేరాక ఎప్పుడు చెప్పాలి? కడుపు కనిపించేదాకా ఆగకండి. అపాయింట్‌మెంట్ లెటర్ తీసుకుని, పనిలో కుదురుకున్నాక మెయిల్‌లోనే చెప్పండి. కాన్పు తేదీ రాసిన డాక్టరు చీటీ జతచేయండి. నోటిమాటగా చెబితే, రేపు తొలగించినప్పుడు 'మాకు తెలియనే తెలియదు, పని బాగా లేక తీసేశాం' అంటారు. మెయిల్ తేదీ ఉంటే, విషయం తెలిశాకే తీసేశారని ఆ తేదీయే చూపిస్తుంది. ప్రసూతి సెలవులో ఉండగా తొలగించడం చట్టవిరుద్ధం. గర్భిణిగా ఉండగా తొలగించినా, తీవ్రమైన దుష్ప్రవర్తన కారణమైతే తప్ప, ప్రసూతి ప్రయోజనం ఎగ్గొట్టడానికి వీల్లేదు. ప్రొబేషన్‌లో ఉన్నా, కాంట్రాక్టు మీద ఉన్నా ఈ రక్షణ ఉంటుంది.

పోలీసు కేసు విషయానికి వద్దాం. ఇక్కడ చాలామంది ప్రశ్నను సరిగ్గా చదవక చిక్కుల్లో పడతారు. 'మీ మీద కేసు నమోదైందా?', 'అరెస్టయ్యారా?', 'కేసు పెండింగ్‌లో ఉందా?', 'శిక్ష పడిందా?' ఇవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు. శిక్ష పడిందా అని మాత్రమే అడిగితే, మీకు పడలేదు కాబట్టి 'లేదు' అన్నది నిజమైన జవాబే. కేసు నమోదైందా అని అడిగితే అదే 'లేదు' అబద్ధమవుతుంది. స్టేషన్‌కు పిలిచి నోటీసు ఇచ్చి పంపేస్తే అది అరెస్టు కాదు, ఎఫ్ఐఆర్‌లో పేరు మాత్రం ఉండవచ్చు.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. అడగని విషయం చెప్పలేదని 'దాచిపెట్టారు' అంటూ చర్య తీసుకోకూడదంది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప కేసును దాచినా, యజమాని దాన్ని మన్నించవచ్చంది. మీ ధర్నా కేసు సరిగ్గా ఆ కోవలోదే. అది ప్రభుత్వ ఉద్యోగాల గురించి వచ్చిన తీర్పు. ప్రైవేటు కంపెనీలో ముందు చూసేది మీరు సంతకం చేసిన డిక్లరేషన్‌నే. 'ఇచ్చిన సమాచారం తప్పని తేలితే ఎప్పుడైనా తొలగించవచ్చు' అన్న వాక్యం దాదాపు ప్రతి ఫారం అడుగునా ఉంటుంది.

కాబట్టి ఇంటర్వ్యూకు ముందే ఆ కేసు ఏమైందో కనుక్కోండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లోగానీ యాప్‌లోగానీ జిల్లా ఎంచుకుని, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరంతో వెతకవచ్చు. నంబరు తెలియకపోతే మీ పేరుతో ప్రయత్నించండి, స్పెల్లింగ్ మార్చి మార్చి చూడండి. పోలీసులు పేరును ఇంటిపేరు ముందో వెనకో పెట్టి రాస్తారు. కోర్టులో కేసే లేకపోతే చార్జిషీట్ వేయకుండా మూసేసి ఉండవచ్చు. అప్పుడు ఒక న్యాయవాది ద్వారా స్టేషన్‌లో ఆరా తీయించండి. ఇంటర్వ్యూలో అడిగితే చెప్పాల్సింది రెండు వాక్యాలే: 'డిగ్రీలో విద్యార్థుల ధర్నాలో చాలామందితో పాటు నా పేరూ రాశారు. ప్రస్తుత పరిస్థితి ఇదీ' అని, దొరికిన కాగితం చూపండి. ధర్నా ఎందుకు చేశారో వివరించే పని పెట్టుకోకండి.

నోటీస్ పీరియడ్ పూర్తి చేయకపోవడం నేరం కాదు, ఒప్పంద ఉల్లంఘన. పాత కంపెనీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసుకు బదులు ఎంత కట్టాలో, అది బేసిక్ మీదా మొత్తం జీతం మీదా అన్నది చూడండి. ఈ వారమే వాళ్లకు మెయిల్ పెట్టండి: 'నేను చెల్లించాల్సిన నోటీస్ పే ఎంతో తెలపండి, చెల్లించి రిలీవింగ్ లెటర్ తీసుకుంటాను.' వాళ్లు జవాబు ఇవ్వకపోయినా ఆ మెయిలే మీ చిత్తశుద్ధికి సాక్ష్యం. కొత్త కంపెనీకి అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, రాజీనామా మెయిల్ చూపవచ్చు.

ఆ ఉద్యోగాన్ని రెజ్యూమె నుంచి ఎత్తేసి 'ఖాళీగా ఉన్నాను' అని మాత్రం చెప్పవద్దు. మీ పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్) కింద ఉండే సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ కనిపిస్తూనే ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు ముందు చూసేది దాన్నే. పాత కంపెనీ మానేసిన తేదీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తరువాత మీరే పోర్టల్‌లో వేసుకోవచ్చు. డబ్బు తీసుకుని ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు తయారుచేసి ఇచ్చేవాళ్ల గుమ్మం తొక్కకండి. మోసం కోసం ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత 336(3) కింద ఏడేళ్ల వరకు జైలు. తయారుచేసింది వేరేవాళ్లైనా, నకిలీదని తెలిసి వాడినవాళ్లకు 340(2) కింద అదే శిక్ష. కట్టాల్సిన నోటీస్ పే దీనితో పోలిస్తే ఎంత? 'ఎందుకు మానేశారు?' అన్నదానికి పాత మేనేజర్‌ను తిట్టకుండా, అక్కడి క్లయింట్ల పేర్లు, ధరలు బయటపెట్టకుండా ఒకే కారణం చెప్పి ఆగండి.

కులం సంగతి. 'ఇంటిపేరు ఏమిటి? మీరు ఏమిట్లు?' అన్న ప్రశ్న మన దగ్గర కాఫీ అడిగినంత తేలిగ్గా అడుగుతారు. రాజ్యాంగంలోని 16వ అధికరణం కులం పేరిట వివక్షను నిషేధించేది ప్రభుత్వ ఉద్యోగాల్లో. ప్రైవేటు ఇంటర్వ్యూలో కులం అడగడాన్ని నేరుగా ఆపే సాధారణ చట్టం లేదు. 'దానికీ ఉద్యోగానికీ సంబంధం లేదు కదండీ' అని వదిలేయవచ్చు. అభ్యర్థి ఎస్సీ లేదా ఎస్టీ అయి, నలుగురి ముందు కులం పేరుతో తిడితే లేదా అవమానిస్తే 1989 అట్రాసిటీ చట్టం వర్తించే అవకాశం ఉంది.

ఇంటర్వ్యూ చేసేవాళ్ల మాటలు లైంగిక వేధింపు దాకా వెళ్తే, 'నేనింకా ఉద్యోగిని కాదు కదా' అని ఊరుకోకండి. పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు చేసే మహిళ అక్కడ ఉద్యోగి అయి ఉండాల్సిన పని లేదు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీకి, అంతకంటే తక్కువైతే జిల్లాలోని స్థానిక కమిటీకి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంటర్వ్యూ నుంచి బయటికి రాగానే తేదీ, సమయం, గదిలో ఎవరెవరున్నారు, ఏ మాటలన్నారు అన్నవి ఉన్నవి ఉన్నట్టు రాసి, మీకు మీరే మెయిల్ పంపుకోండి. ఫారం మీద సంతకం చేసే ముందు ప్రతి పేజీకీ ఫోటో తీసుకోవడం కూడా మరిచిపోవద్దు.

ధర్నా కేసు కాగితాలు తీయించడానికో, రేపు కంపెనీకి నోటీసు పంపడానికో న్యాయవాది కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. హెల్ప్‌లైన్ నంబరు 15100.