లిస్టు ముందు, లైకులు తర్వాత

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

అమెరికా కాంగ్రెస్‌కి పోటీ చేస్తున్న రిపబ్లికన్ అభ్యర్థి ప్రచారంలో డిజిటల్ పని నీ చేతికొచ్చిందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. మొదటి వారంలోనే అందరూ కెమెరా పట్టుకుని వీడియోల మీద పడతారు. నువ్వు ముందు లిస్టు సంగతి చూడు. పేజీకి ఎంతమంది ఫాలోయర్లున్నా, వాళ్ళలో ఎవరికి మన పోస్టు కనబడాలో ఆ పేజీ నడిపే కంపెనీయే తేలుస్తుంది. ఈమెయిలూ ఫోన్ నంబరూ మాత్రం మన దగ్గరే ఉంటాయి.

కన్జర్వేటివ్ ప్రచారాలకి ఇది పాత విద్యే. 1964 అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ ఓడిపోయాక, ప్రచార ఉత్తరాల వ్యాపారి రిచర్డ్ విగెరీ ఏం చేశాడనుకున్నావు? గోల్డ్‌వాటర్‌కి 50 డాలర్లూ ఆపైన ఇచ్చిన దాతల పేర్లని ప్రభుత్వ రికార్డుల నుంచి చేత్తో ఎత్తి రాయించాడు. అలా పోగైన 12 వేల పైచిలుకు పేర్లతోనే ఉత్తరాల వ్యాపారం మొదలుపెట్టాడు. పెద్ద పత్రికలూ టీవీలూ మన మాట సరిగా చెప్పవన్న అపనమ్మకమే వీళ్ళని నేరుగా ఓటరు గుమ్మంలోకి తీసుకెళ్ళింది. ఇవాళ కన్జర్వేటివ్‌లు చేరే రంబుల్ అనే వీడియో సైటూ, ట్రూత్ సోషల్ అనే సోషల్ మీడియా వేదికా వీటి వెనకున్నదీ అదే. అవి ఎలాగూ మనవైపే ఉన్నవాళ్ళని హుషారు చేయడానికి పనికొస్తాయి. తటస్థంగా ఉన్న ఓటరు అక్కడ పెద్దగా దొరకడు.

ఓటరు ఫైలు, అంటే ఓటర్ల వివరాల జాబితా కోసం రాష్ట్ర పార్టీని అడుగు. జాతీయ పార్టీ సమాచారం డేటా ట్రస్ట్ అనే సంస్థ ద్వారా వస్తుంది, ఓటర్ల డేటా ఇచ్చేది ఐ360 అని ఇంకోటుంది. ఫైలు చేతికొచ్చాక పేరు, ఇంటిపేరు, జిప్ (మన పిన్‌కోడ్ లాంటిది), ఫోన్, ఈమెయిల్ వేర్వేరు కాలమ్‌లలో పెట్టి ఫేస్‌బుక్ కంపెనీ మెటాకి ఎక్కించు, వాళ్ళ ఖాతాలకే ప్రకటనలు చూపించొచ్చు. ఎక్కువ కాలమ్‌లు నిండితే ఎక్కువ ఖాతాలు కలుస్తాయి. గూగుల్‌లో ఈ పప్పులుడకవు. 2019 నవంబరులో ఎన్నికల ప్రకటనలకి వయసు, లింగం, జిప్ దాకానే గురి పెట్టనిస్తామని ప్రకటించారు. జిప్‌లేమో నియోజకవర్గం గీతల్ని పట్టించుకోవు. సరిహద్దు జిప్‌లు మ్యాపులో చూసుకుని, మన ఓటర్లు తక్కువున్న వాటిని తీసెయ్. లేకపోతే యూట్యూబ్ ప్రకటనల డబ్బు పక్క నియోజకవర్గానికి పోతుంది.

ఈమెయిల్ పంపేముందు డొమైన్‌కి ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టించు, మెయిల్ నిజంగా మన దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులవి. 2024 ఫిబ్రవరి నుంచి, రోజుకి 5 వేలకు మించి పంపేవాళ్ళని జీమెయిల్ ఇవన్నీ అడుగుతోంది. స్పామ్ అని నొక్కేవాళ్ళు వెయ్యికి ముగ్గురికి చేరకూడదు, ఒకరికంటే తక్కువుంటే నిశ్చింత. కొత్త డొమైన్ నుంచి మొదటిరోజే లిస్టంతా పేల్చకు. ఈమధ్య విరాళమిచ్చినవాళ్ళతో మొదలుపెట్టి వారాల మీద పెంచు. అద్దె లిస్టు జోలికి పోయావంటే, చచ్చిపోయిన అడ్రసులే నీ పరువు తీస్తాయి. గూగుల్ మన ఈమెయిళ్ళని స్పామ్‌లోకి తొక్కేస్తోందని రిపబ్లికన్ జాతీయ కమిటీ 2022 అక్టోబరులో దావా వేసింది, మరుసటి ఆగస్టులో కోర్టు కొట్టేసింది. ఆ ఫిర్యాదు విరాళాలడగడానికి మంచి సరుకే, ఇన్‌బాక్స్‌కి మాత్రం మందు కాదు. ఇంకొకటి: 2021లో ఆపిల్ మెయిల్, మనిషి తెరవకపోయినా తెరిచినట్టు లెక్క పడేలా మారిపోయాక ఎంతమంది తెరిచారన్న అంకె నమ్మడానికి లేదు. క్లిక్కులూ డాలర్లూ చూడు.

టెక్స్ట్ మెసేజీల్లో డబ్బు ఎలా కారిపోతుందో లెక్క వేసి చూపిస్తాను. మామూలు ఇంగ్లీషు అక్షరాలైతే ఒక మెసేజీకి 160 పడతాయి. అంతకు మించితే 153 చొప్పున ముక్కలవుతుంది. 300 అక్షరాలంటే రెండు ముక్కలు. అందులో ఒక్క ఎమోజీ దూరినా, వర్డ్ నుంచి కాపీ చేసినప్పుడు వంకర కొటేషన్ గుర్తు ఒక్కటి వచ్చినా, మెసేజీ మొత్తం యూనికోడ్‌కి మారి ముక్కకి 67 అవుతుంది. అదే మెసేజీ ఇప్పుడు ఐదు ముక్కలు. 40 వేల మందికి పంపితే 80 వేల ముక్కల బిల్లు రావలసింది రెండు లక్షలకి వస్తుంది. తెలుగులో పంపినా ఇదే లెక్క కాబట్టి 70 అక్షరాల్లో ముగించు. మామూలు పదంకెల నంబర్ల నుంచి గుంపుగా మెసేజీలు పంపడానికి కావలసిన టెన్ డీఎల్‌సీ రిజిస్ట్రేషన్ మొదటి నెలలోనే పూర్తిచెయ్. కమిటీ పేరు ఎన్నికల కమిషన్ కాగితాల్లో ఉన్నట్టే ఉండాలి, ఒక కామా తేడా వచ్చినా తిప్పి పంపొచ్చు. స్టాప్ అన్నవాడికి మళ్ళీ పంపకు, ఇంకో నంబరు నుంచి అసలే వద్దు.

విరాళాలకి 2019లో వచ్చిన విన్‌రెడ్ అనే రిపబ్లికన్ల ఆన్‌లైన్ వేదిక ఉంది. దాత కార్డు అక్కడ సేవ్ అయి ఉంటే ఒక్క నొక్కుతో పనైపోతుంది. కానీ ప్రతి వారం ఇస్తానన్న గడిలో నువ్వే ముందుగా టిక్ పెట్టి ఉంచకు. 2020లో ట్రంప్ ప్రచారం ఆ పని చేసింది. ఆ ఏడాది చివరి రెండున్నర నెలల్లో పార్టీతో కలిపి వెనక్కిచ్చింది 6 కోట్ల డాలర్లకు పైనే. పెన్షన్ మీద బతికే పెద్దాయన బ్యాంకుకి ఫోన్ చేశాడంటే ఆ పేరు లిస్టులోంచి పోయినట్టే. 200 డాలర్లు దాటితే చిరునామా, వృత్తి, యజమాని పేరు కూడా రాబట్టాలి. 2025-26కి ఒక్కొక్కరి పరిమితి ఎన్నికకి 3,500 డాలర్లు, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ వేరు, అసలు ఎన్నిక జనరల్ వేరు. మన తెలుగువాళ్ళు ఉత్సాహంగా ముందుకొస్తారు, వీసా ఏదో అడుగు. గ్రీన్‌కార్డుంటే ఇవ్వొచ్చు. హెచ్-1బీ మీదున్నవాళ్ళ దగ్గర పైసా తీసుకోకూడదు. జీతం లేకుండా సాయం చేయొచ్చు, నిర్ణయాల్లో మాత్రం కూర్చోపెట్టకు.

2022లోనూ 2024లోనూ మెటా చివరి వారంలో కొత్త రాజకీయ ప్రకటనలు తీసుకోలేదు. అప్పటికే ఒక్కసారైనా కనబడిన ప్రకటనలనే సాగనిచ్చింది. అందుకే తెలిసినవాళ్ళు ముందే పది రకాలు తయారుచేసి, ఒక్కోదాన్ని కొద్ది డబ్బుతో నడిపి ఆపేసి ఉంచుతారు. ఈసారి గడువు ఎప్పుడో ముందే చూసుకో. ముందస్తు ఓట్లు మొదలయ్యాక, ఎవరెవరు ఓటేశారో ఎన్నికల ఆఫీసుల నుంచి జాబితా తెప్పించి, ఆ పేర్లు రోజూ తీసేస్తూ ఉండు. ఓటేసినవాడికి మళ్ళీ గుర్తుచేయడం డబ్బు దండగ, వాడికీ చిరాకు.

పోలింగ్ రోజుకని కొత్త యాప్ ఎవరైనా తెస్తే, ఎవరెవరు ఓటేశారో బూత్‌ల నుంచి తెలుసుకోవడానికి తెచ్చిన 2012 ఓర్కా గుర్తుచెయ్. అప్పటి రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి రామ్నీ ప్రచారం 30 వేల మందికి పైగా వాలంటీర్లని దానిమీద ఆధారపెట్టింది. యాప్ అన్నారు గానీ అది వెబ్‌పేజీ, జనం యాప్ స్టోర్లో వెతుక్కున్నారు. అడ్రసులో హెచ్‌టీటీపీ తర్వాత ఎస్ కొట్టకపోతే ఖాళీ తెర వచ్చేది, సరైన పేజీకి మళ్ళించే ఏర్పాటే లేదు. లోపలికెళ్ళడానికిచ్చిన పిన్ నంబర్లు పనిచెయ్యలేదు. బూత్‌లో నిలబడడానికి కావలసిన సర్టిఫికెట్ మాట చెక్‌లిస్టులోనే లేదు. మన దగ్గర పదిహేను రోజుల ముందు, నిజమైన వాలంటీర్లతో, వాళ్ళ ఫోన్లలోనే, అందరూ ఒకే గంటలో నొక్కేలా రిహార్సల్ చేయించు. కాగితం జాబితా కూడా అచ్చువేసి ఉంచు.

ప్రతి ఖాతాకీ ఇద్దరు అడ్మిన్‌లుండాలి. ఎస్ఎంఎస్ కోడ్ చాలదు, లాగిన్‌కి వాడే చిన్న పరికరాలు, సెక్యూరిటీ కీలు కొను, మనిషికి రెండు చొప్పున. రెండోది అదే సంచీలో పెట్టుకోవద్దని అందరికీ చెప్పు.

మీ మావయ్య