కంచు గంటలో సీసం ఏ గనిదో తెలుస్తుందా?

ఇంట్లో నాలుగు తరాలుగా ఉన్న కంచు గంట లోహం ఏ గని నుంచి వచ్చిందో సీసం ఐసోటోపుల పరీక్షలో తేలుతుందా, దానికి గంటను కోయాలా అని అడిగారు. కోయక్కర్లేదండి. మాది శ్రీకాకుళమే. పీహెచ్‌డీలో తవ్వకాల్లో దొరికిన కంచు మీద ఇదే పని చేశాను.

గంట అంచు జోలికి మాత్రం వెళ్లనివ్వకండి, మోత మారిపోవచ్చు. లోపల పైభాగాన, నాలుక వేలాడే కొక్కెం పక్కన మిల్లీమీటరు బిట్‌తో చిన్న రంధ్రం చాలు. మొదట పచ్చటి చిలుం పొడి రాలుతుంది. అది పారేయాలి, బయటి సీసం అందులో చేరి ఉండొచ్చు. బిట్ మార్చి తిప్పితే బంగారు రంగులో సన్నటి చుట్టలు చుట్టుకుంటూ రజను వస్తుంది. అది పది మిల్లీగ్రాములుంటే సరి, చిటికెడు కూడా కాదు.

దాన్ని ఆమ్లంలో కరిగించి, సీసాన్ని విడదీసి, పరమాణువుల్ని బరువును బట్టి వేరు చేసి లెక్కపెట్టే మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ఇస్తారు. సీసంలో పరమాణువుల బరువును బట్టి 204, 206, 207, 208 అని నాలుగు రకాలున్నాయి, వీటినే ఐసోటోపులంటారు. 206, 207 యురేనియం నుంచి, 208 థోరియం నుంచి పుడుతూ పెరుగుతాయి, 204 పెరగదు. ఖనిజం ఏర్పడి సీసం వాటి నుంచి విడిపోయాక నిష్పత్తి అక్కడే ఆగిపోతుంది. కొలిమిలో ఎంత కాల్చినా దాదాపు మారదు. అందుకే గంటలోని నిష్పత్తిని గనుల నిష్పత్తులతో పోల్చి చూస్తారు.

నాకు కష్టమంతా 204తోనే వచ్చింది. 208/206 బాగానే వస్తోంది, 204 ఉన్న లెక్కలన్నీ పక్కకు పోతున్నాయి. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. చివరికి చూస్తే మిషన్‌లో వాడే ఆర్గాన్ గ్యాస్‌లో కాస్త పాదరసం! పాదరసానికీ 204 ఉంది, మిషన్ రెండింటినీ కలిపి లెక్కేస్తోంది. పాదరసం 202ని కొలిచి, దాన్నిబట్టి 204లో ఎంత తీసేయాలో చూసుకున్నాకే స్టాండర్డ్ విలువలు, అంటే ముందే నిష్పత్తి తెలిసిన నమూనా అంకెలు, కుదిరాయి. మీ రిపోర్టులో ఈ దిద్దుబాటు చేశారో లేదో తప్పక అడగండి.

సీసం ఎంత శాతం ఉందో కూడా చూడండి. నాలుగైదు శాతం ఉంటే విడిగా కలిపినట్టే. అప్పుడు తెలిసేది సీసం సంగతే, రాగి సంగతి కాదు. నిష్పత్తి కలవకపోతే అది రాజస్థాన్‌లోని జావర్ గనిదో, పల్నాడులోని అగ్నిగుండాల గనిదో కాదని గట్టిగా చెప్పొచ్చు. కలిసినా అక్కడిదేనని మాత్రం అంత గట్టిగా చెప్పలేం, వేరే గనుల నిష్పత్తీ అలాగే ఉండొచ్చు.

పైగా ఇత్తడి, కంచు సామాను పోసే మన శ్రీకాకుళం జిల్లా బుడితి లాంటి చోట్ల పగిలిన చెంబులు, పాత బిందెలు కూడా కరిగించి కొత్త సామాను పోస్తారు. రెండు మూడు గనుల సీసం కలిస్తే వచ్చే అంకె ఏ గనికీ చెందదు. అందుకే డ్రిల్ పట్టుకునే ముందు ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, ఆ గంటను ఎప్పుడైనా కరిగించి మళ్లీ పోయించారేమో.