ఫీజు నీది కావచ్చు, గ్రూపు మాత్రం వాడిది

"మాది వరంగల్, కాశిబుగ్గ. నాకు 27 ఏళ్లు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బాపు ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో గుమస్తా. తమ్ముడు ఈ ఏడు మంచి మార్కులతో టెన్త్ పాసయ్యాడు. వాడికి చరిత్రంటే ప్రాణం. ఇంటర్‌లో హెచ్‌ఈసీ (చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్) గ్రూపులో చేర్పించి, ముందుముందు పురావస్తు శాఖ వైపు పంపాలని నా కోరిక. బాపు మాత్రం 'ఎంపీసీ అయితే ఏ దిక్కు పోవాలన్నా తొవ్వ ఉంటది' అని పట్టుబట్టి కూర్చున్నాడు. 2014లో నన్నూ ఇట్లనే ఎంపీసీలో వేశాడు. నేనప్పుడు నోరెత్తలేదు. నాకు జరిగింది వాడికి జరగొద్దు. ఇంటి ఖర్చు, వాడి ఫీజు నావే. బాపును ఎట్లా ఒప్పించాలో చెప్పండి."
- ఒక అక్క, వరంగల్

అమ్మా, నా కూతురి వయసుదానివి, నువ్వనే రాస్తాను. పైన వేసింది నీ ఉత్తరంలో కొంతే. నాలుగు పేజీలూ ఆగి ఆగి చదివాను.

ముందు నువ్వడిగింది తేల్చేస్తాను, ఎక్కువసేపు పట్టదు. గ్రూపు విషయంలో మీ బాపు చెప్పింది చాలావరకు నిజం. ఎంపీసీ చదివినవాడు తర్వాత డిగ్రీ అడ్మిషన్ల దోస్త్‌లో బీఏ పెట్టుకోవచ్చు, లా ఎంట్రన్స్ క్లాట్ రాసి నల్సార్ లా యూనివర్సిటీకి పోవచ్చు, సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాతే ఉండే ఐదేళ్ల ఎంఏలో చేరొచ్చు. హెచ్‌ఈసీ చదివి బీటెక్‌కో బీఫార్మసీకో పోతానంటే మాత్రం కుదరదు. సైన్యంలో ఆఫీసర్లయ్యే ఎన్‌డీఏలో ఆర్మీకి ఏ గ్రూపైనా సరేగాని, నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కు లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ అడుగుతారు. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కు కూడా లెక్కలు ఉండాల్సిందే. అంటే ఎంపీసీ నుంచి చరిత్రకు రావచ్చు, చరిత్ర నుంచి ఇంజినీరింగ్‌కు పోలేరు. అట్లాగని "ఏ దిక్కయినా" అన్నదీ పూర్తి నిజం కాదు. బయాలజీ లేకుండా నీట్ లేదు.

ఇక తొవ్వలన్నీ ఉంచుకోవడం ఊరికే వచ్చేది కాదు. లెక్కలు పడని పిల్లవాడిని పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా రెండేళ్లు కూర్చోబెడితే, ఉన్న మార్కులూ ఉన్న ధైర్యమూ పోగొట్టుకొని బయటికొస్తాడు. వాడికి ఏ తొవ్వ ఉంటే ఏం లాభం? కాబట్టి లెక్కలంటే గుండె జారేవాడికి ఎంపీసీ వద్దే వద్దు. లెక్కలతో పేచీ లేనివాడికి, చరిత్ర ఇష్టమైనా సరే, ఎంపీసీ వల్ల పోయేదేం లేదు. నడుమ ఎంఈసీ అని ఒకటుంది, లెక్కలు ఉంటాయి, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండవు. మీ ఇంట్లో దాని పేరే ఎవరూ ఎత్తినట్టు లేదు. నీ ప్రశ్నకు జవాబు ఇంతే. నీ బాధ దీంతో తీరేది కాదని నీకూ తెలుసు.

నాలుగు పేజీల్లో నీ తమ్ముడు నోరు తెరిచింది ఒక్కచోట. "ఏం చదవాలని ఉందిరా" అని నువ్వడిగితే "నీ ఇష్టం అక్కా" అన్నాడట. వాడు ఒప్పుకున్నాడని సంబరంగా రాసుకున్నావు. ఇప్పుడు నీ ఉత్తరంలోనే రెండో పేజీకి పోదాం. నైంనగర్‌లో కాలేజీ ఆఫీసు ముందు, రిబ్బను కుర్చీ మీద మీ బాపు, గోడవారన బల్ల మీద నువ్వు. చేతిలో మెమో జిరాక్సులు. "ఎంపీసీ రాయమంటావా బిడ్డా" అంటే నువ్వేమన్నావు? "నీ ఇష్టం బాపూ." ఆయన కూడా నువ్వు ఒప్పుకున్నావనే అనుకున్నాడు. ఆ రోజును ఇన్నేళ్లుగా లోపల్లోపల తిట్టుకుంటున్న నువ్వు, అదే మాట తమ్ముడి నోట విని ఎట్లా సంతోషపడ్డావు?

"చరిత్రంటే ప్రాణం" అనడానికి నువ్విచ్చిన సాక్ష్యాలు కూడా చూశాను. వాడిని వరంగల్ కోటకు తీసుకుపోయింది నువ్వు. తోరణం మీది హంసలను లెక్కపెట్టించింది నువ్వు. ఖుష్‌మహల్ మెట్ల మీద కూర్చోబెట్టి రుద్రమదేవి సంగతులు చెప్పింది నువ్వు. 2021 జూలైలో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిందని తెలియగానే పని మధ్యలోంచి లేచిపోయి ఇంటికి ఫోన్ చేసింది నువ్వు. వాడేం చేశాడు? విన్నాడు. అక్కంటే అంత ఇష్టమున్న పిల్లవాడు నువ్వు కోడింగ్ గురించి చెప్పినా అట్లాగే వినేవాడు. సోషల్‌లో ఎన్ని మార్కులొచ్చాయో అంకెతో సహా రాశావు. లెక్కల్లో ఎన్నొచ్చాయో రాయలేదు. మర్చిపోయావా, రాస్తే నీ వాదన పలచబడుతుందనుకున్నావా?

నాకు ఆ పిల్లవాడు కనిపించింది మూడో పేజీలో, నువ్వు చిరాగ్గా రాసి వదిలేసిన మూడు వరసల్లో. పరీక్షలైనప్పటి నుంచి బాపు వాడిని మార్కెట్‌కు వెంటేసుకుపోతున్నాడట. మిర్చి సీజను. కాంటా దగ్గర కూర్చొని బస్తాల తూకాలు రాస్తూ, రైతుకు ఎంత రావాలో కాగితం మీద పెట్టకుండా నోటితో చెప్పేస్తాడట. ఘాటుకు కళ్ల నీళ్లు కారుతున్నా లేచి రాడట. "చదువుకునేవాణ్ని గుమస్తాను చేస్తున్నాడు" అని నీ కోపం. అమ్మా, ఇష్టం లేనివాడు ఆ ఘాటులో అంతసేపు కూర్చోడు. వాడికి లెక్కలు ఇష్టమేమో. జనం మధ్య ఉండటం ఇష్టమేమో. సీఈసీయో (కామర్స్, ఎకనామిక్స్, సివిక్స్) ఎంఈసీయో చదివి సీఏ ఫౌండేషన్ రాస్తాడేమో. లేదా ఇదంతా పక్కనబెట్టి, నువ్వన్నట్టు చరిత్రేనేమో. నాకు తెలియదు, నీకూ తెలియదు. తెలుసుకోవాలని నువ్వు గట్టిగా ప్రయత్నించినట్టూ లేదు.

అందుకే అంటున్నాను, ఈ ఉత్తరం నీ తమ్ముడి గురించి కాదు. నీ గురించి, మీ బాపు గురించి. గుమస్తా కూతురివి, ఒక రైతు బాకీని ఇంకో రైతు ఖాతాలో ఎక్కిస్తే ఏమవుతుందో నేను నీకు చెప్పక్కర్లేదు. నువ్వు చేస్తున్నది అదే.

"బాపు నాతో సరిగా మాట్లాడడు. తిన్నవా బిడ్డా అని అడిగి ఫోన్ అమ్మకిస్తాడు" అని రాశావు. ఎప్పటి నుంచో కూడా నువ్వే రాశావు, నీ మొదటి జీతం ఇంటికి పంపినప్పటి నుంచి. దాన్ని నిర్లక్ష్యం అనుకుంటున్నావు. నా అనుమానం వేరు. తన సేటు ముందు చెయ్యి చాచి, వడ్డీకి తెచ్చి, నీ ఫీజు కంతులుగా కట్టిన మనిషి. ఇప్పుడు బిడ్డ డబ్బుతో ఇల్లు గడుస్తోంది. ఆ బిడ్డతో ఏ గొంతుతో మాట్లాడాలో తెలియక ఫోన్ పక్కకిస్తున్నాడు. సంపాదించే కొడుకుతో ఎట్లా ఉండాలో మన తండ్రులకు ఎవరో ఒకరు నేర్పారు. సంపాదించే కూతురితో ఎట్లా ఉండాలో నేర్పినవాళ్లు లేరు.

ఆయన్ని వెనకేసుకు రావడం లేదు. పదిహేనేళ్ల పిల్ల "నీ ఇష్టం" అంటే అందులో సగం భయమేనని తండ్రికి తెలియాలి. నీ మొహం చూసి ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు. అది తప్పే. ఆ తప్పును ఆయన ముందు పెట్టే హక్కు నీకుంది. తమ్ముణ్ని అడ్డం పెట్టుకొని గెలిచే హక్కు లేదు.

నీ ఉత్తరంలో నాకు అస్సలు నచ్చనిది ఆ చివరి మాట: ఇంటి ఖర్చు, ఫీజు నావే. పెద్దబిడ్డవు, సంపాదిస్తున్నావు, పంపుతున్నావు. పంపాల్సిందే. నీ రెక్కల కష్టం తక్కువదని ఎవరూ అనరు. కానీ పంపిన డబ్బుకు పెత్తనం రాదు. ఫీజు కట్టేది నేను కాబట్టి గ్రూపు నేను చెప్పిందే అని 2014లో ఆయన అన్నాడు, ఇప్పుడు నువ్వంటున్నావు. రేపు నీ తమ్ముడు నీ వయసుకొచ్చాక "మా అక్క తన కోరిక నా నెత్తిన రుద్దింది" అని ఎవరికో ఉత్తరం రాస్తే ఆ రోజు నీకు ఎట్లా ఉంటుంది?

ఈ శనివారం వరంగల్ బస్సెక్కు. బాపు మార్కెట్ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, చాయ్ తాగి కూర్చున్న వేళ చూసుకో. అమ్మను మధ్యలో ఉంచకు, అమ్మ రెండు మాటలకే సర్దేస్తుంది. తమ్ముడి పేరు ఎత్తకు. "బాపూ, ఆ రోజు నాకు ఎంపీసీ ఇష్టం లేకుండె. చెప్పాలంటే భయమైంది. నువ్వు ఇంకోసారి అడుగుతవేమోనని చూసిన" అను. అంతకంటే పొడిగించకు. ఆయన క్షమించమని అడుగుతాడని ఆశపెట్టుకోకు, అడగడు. "గా చదువుతోనే కదా ఇయ్యాల నీకీ నౌకరి" అనొచ్చు. అది నిజం, నిజమేనని ఒప్పుకో. అది ఒప్పుకున్నంత మాత్రాన నీ బాధ అబద్ధం అయిపోదు. లేచి బయటికి పోతే పోనీ, వెంటపడకు. విన్నాడు కదా, ఆ సాయంత్రానికి అది చాలు.

తమ్ముడి సంగతి మర్నాడు. వాడిని అడగాల్సింది నువ్వూ కాదు, మీ బాపూ కాదు. మీ ఇద్దరి మొహాలు చూసి మళ్లీ మీకు కావాల్సిందే చెబుతాడు. బళ్లో వాడికి నచ్చిన సార్ ఒకరైనా ఉంటారు. ఆ సార్ దగ్గరికి ఒక్కణ్నే పంపు. వాడకట్టులో ఇంటర్ అయిపోయిన పిల్లల దగ్గర లెక్కలు 1ఏ, 1బీ పాత పుస్తకాలు, చరిత్ర, ఎకనామిక్స్ పుస్తకాలు దొరుకుతాయి. తెచ్చి ఇంట్లో పడేసి ఊరుకో. వాడు ఏది తెరుస్తాడో గమనించు, గమనిస్తున్నట్టు తెలియనీయకు. అంతవరకు ఏ కాలేజీలోనూ అడ్వాన్సు కట్టొద్దని బాపుకు చెప్పు. ఇవాళ కట్టకపోతే సీటుండదని పీఆర్వోలు ఇంటి చుట్టూ తిరుగుతారు. తిరగనీ.

వాడే హెచ్‌ఈసీ అన్నాడనుకో, అప్పుడు బాపు ముందు గట్టిగా నిలబడు, నేను నీ పక్షమే. "ఆర్ట్స్ గ్రూపులు సీటు రానివాళ్లకు" అనే మాట మన దగ్గర ఇంకా పోలేదు. గ్రూప్స్ ఉద్యోగాలకైనా సివిల్స్‌కైనా అడిగేది డిగ్రీ, ఇంటర్‌లో ఏ గ్రూపో ఎవరూ చూడరు. పైగా సర్కారు జూనియర్ కాలేజీలో చేరితే ఫీజు గొడవే ఉండదు, మీ బాపుకు ఆ లెక్క నీకంటే తొందరగా అర్థమవుతుంది. వాడు ఎంపీసీ అన్నాడనుకో, మొహం ముడుచుకోకు. బాపు గెలిచాడని, నువ్వు ఓడావని వాడికి అనిపిస్తే, నీ కోసం మాట మార్చేసుకుంటాడు.

గ్రూపు గోలలో పడి ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది, సెకండ్ లాంగ్వేజ్. మార్కుల కోసమని ప్రైవేటు కాలేజీలు పిల్లలకు సంస్కృతం రాయించేస్తాయి. రెండేళ్లు చదివి, నూటికి తొంభై పైన తెచ్చుకొని, ఒక్క శ్లోకం సొంతంగా విడదీయలేని పిల్లలను ఎంతమందిని చూశానో! చరిత్ర మీద నిజంగా మనసున్నవాడికి ఆ పుస్తకం మార్కుల సరుకు కాదు. వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుడి శాసనం సంస్కృతం. రామప్పలో 1213 నాటి రేచర్ల రుద్రుడి శాసనమూ సంస్కృతమే. రెంటినీ చెక్కింది ఆనాటి తెలుగు-కన్నడ లిపిలో. కాకతీయుల గురించి మనం బళ్లో చదువుకున్న దాంట్లో చాలా భాగం ఇట్లాంటి రాళ్ల మీంచి వచ్చిందే. ఆ భాష, ఆ లిపి నేర్చుకోవడానికి హెచ్‌ఈసీలోనే ఉండనక్కర్లేదు, ఎంపీసీలో ఉన్నా చేయొచ్చు. కొలువులో ఉన్నవాళ్లు కూడా చేయొచ్చు.

ఇది నీకే చెబుతున్నాను. రామప్ప వార్త విని మీటింగ్‌లోంచి లేచి వచ్చింది నీ తమ్ముడు కాదు కదా. దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో ఎంఏ హిస్టరీకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, బీటెక్ అయినా సరే. జూలైలో, జనవరిలో అడ్మిషన్లు తీసుకుంటారు. ఇంటికి పంపేదాంట్లోంచి కాదు, నీ హాస్టల్ ఖర్చు పోగా మిగిలేదాంట్లోంచి ఆ ఫీజు కట్టుకో. ఎవరినీ అడగకు. నీకు 27 ఏళ్లు, నీ చదువుకు నువ్వే సంతకం పెట్టుకోవచ్చు. "ఇప్పుడెందుకు, వయసు దాటింది" అని రాసే ఉంటావు, కొట్టేసిన వాక్యం కనబడుతూనే ఉంది. దానికి జవాబు చెప్పను.

సంతకం కింద చిన్న అక్షరాల్లో, వచ్చే నెల జనగామ నుంచి సంబంధం వాళ్లు చూడటానికి వస్తున్నారని ఒక ముక్క ఇరికించావు. దాని కోసం వేరే ఉత్తరం రాయి. అందులో మీ తమ్ముడి గురించి ఒక్క ముక్క కూడా ఉండకూడదు.